మాల్దీవులు, మారిషస్: తలసరి జీడీపీ పోల్చేటప్పుడు జనాభాగా ఎవరిని లెక్కపెట్టాలి?

ఎంఏ ఎకనామిక్స్ ప్రాజెక్టు కోసం ఈ రెండు దేశాల తలసరి జీడీపీని పోలుస్తున్నాను. చిక్కంతా మాల్దీవుల జనాభా దగ్గరే వచ్చింది.

2022 జనగణన ప్రకారం అక్కడ నివసించేవాళ్లు సుమారు 5.15 లక్షలు. అందులో దాదాపు నాలుగో వంతు విదేశీయులే, ఎక్కువగా రిసార్టుల్లో, భవన నిర్మాణంలో పనిచేసేవాళ్లు. మొత్తం జీడీపీని అందరితో భాగిస్తే ఒక అంకె వస్తుంది. పౌరులతో మాత్రమే భాగిస్తే అది మూడో వంతుకు పైగా పెరిగిపోతుంది. మారిషస్‌లో జనాభా 12 లక్షలు దాటినా, విదేశీ కార్మికుల వాటా ఇంత పెద్దది కాదు కాబట్టి అంత తేడా రాదు.

ఇప్పటిదాకా చేసినవి: 2020లో మాల్దీవుల జీడీపీ దాదాపు మూడో వంతు పడిపోయింది కాబట్టి ఆ ఏడాదిని వదిలేసి 2019, 2022 తీసుకున్నాను. మామూలు డాలర్లలోనూ, కొనుగోలు శక్తి ప్రకారమూ (అంటే రెండు దేశాల ధరల తేడాను సర్దుబాటు చేసి) చూశాను. జీడీపీ బదులు స్థూల జాతీయ ఆదాయం (దేశంలో నివాసులుగా లెక్కించేవాళ్లకు దక్కే మొత్తం ఆదాయం) వాడితే విదేశీ యజమానులకు వెళ్లే రిసార్టు లాభాలు తీసేసినట్టవుతుంది. కానీ ఏడాదికి పైగా అక్కడే ఉంటున్న కార్మికులు ఇంటికి పంపే డబ్బు అందులోంచి తగ్గదు. అందుకే అదీ సరిపోలేదు.

నేను పోల్చాలనుకుంటున్నది ఉత్పత్తినే, పౌరుల జీవన ప్రమాణాన్ని కాదు. అలాంటప్పుడు మాల్దీవులకు మొత్తం నివాసులతో భాగించాలా, పనిచేస్తున్నవాళ్ల సంఖ్యతో భాగించాలా?