క్రిస్మస్ నుంచి కనుమ దాకా: కాలనీ గ్రూపులో మున్సిపాలిటీ సమాచారం ఎలా పెట్టాలి?

గునుపూడి నివాసి (ప్రశ్న)

నమస్కారమండి. మాది భీమవరం. కాలనీ సంక్షేమ సంఘం తరఫున 180 ఇళ్లకు వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాం. డిసెంబరు ఆఖరు నుంచి కనుమ వెళ్లేదాకా గ్రూపు నిండా ఇవే ప్రశ్నలు: చెత్త బండి వస్తుందా, కుళాయి ఎన్నింటికి వదులుతారు, ఇంటి పన్నుకు గడువెప్పుడు, భోగి మంట ఎక్కడ వేసుకోవచ్చు? ఎవరో ఒకరు ఫార్వర్డ్ మెసేజ్ పెడతారు, తీరా చూస్తే అది నిరుటిది. ఈసారి (2026) భోగి జనవరి 14, సంక్రాంతి 15, కనుమ 16. ముందుగా ఏ అధికారిని ఏం అడిగి పెట్టుకోవాలి? మెసేజ్ ఎలా రాస్తే గందరగోళం తగ్గుతుంది? భోగి రోజు సాయంత్రం వీధిలో ముగ్గుల పోటీ కూడా అనుకుంటున్నాం, 150 మంది దాకా వస్తారు. అనుమతులు ఏమైనా కావాలా?

ప్రజారోగ్యం తణుకు

వీటిలో తొందరపడాల్సింది ముగ్గుల పోటీకండి. ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం, లైసెన్సు లేని చోట వంద మందికి మించి జనం చేరే కార్యక్రమం పెడితే కనీసం మూడు పనిదినాల ముందు మున్సిపాలిటీకి తెలియజేయాలి. అక్కడ పోగయ్యే చెత్తను తడి, పొడిగా వేరుచేసి అప్పగించే బాధ్యత కూడా నిర్వాహకులదే. పనిదినాలు లెక్కేసుకోవడంలోనే చాలామంది పొరబడతారు. జనవరి 10 రెండో శనివారం, 11 ఆదివారం. అంటే 14కి ముందు మిగిలేవి 9, 12, 13 తేదీలే. కాబట్టి లేఖ 8వ తేదీ గురువారానికల్లా ఆఫీసులో పడాలి. కమిషనర్ పేరిట రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద ఇన్‌వార్డు ముద్ర, తేదీ వేయించుకోండి. స్థలం, సమయం, ఎంతమంది వస్తారు, చెత్త డబ్బాలు ఎన్ని పెడుతున్నారు అన్నవి రాస్తే చాలు. మైకుకూ, వీధిలో రాకపోకలు ఆపడానికీ పోలీసు స్టేషన్‌లో విడిగా అడగాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు నిషేధం కనుక బహుమతుల పంపకం 9:30కి ముగిసేలా పెట్టుకోండి.

ఇక చెత్త సంగతి. వార్డు శానిటేషన్ సెక్రటరీనీ, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌నూ కలిపి అడగండి. ఒక్కరినే అడిగితే బండి సంగతి తెలుస్తుంది, కార్మికుల సెలవుల సంగతి తెలియదు. బండి ఏ రోజు రాదు, మర్నాడు ఎన్నింటికి వస్తుంది, కనుమనాటి మాంసం వ్యర్థాలకు ప్రత్యేక బండి ఉందా అన్నవి తేల్చుకోండి. కనుమ రోజు ఈకలు, ఎముకలు రాత్రే గుమ్మం బయట పెడితే తెల్లారేసరికి కుక్కలు వీధంతా ఈడుస్తాయి. బండి వచ్చాకే ఇవ్వమని గట్టిగా రాయండి. అరిటాకులు, బంతిపూల దండలు, చెరకు పిప్పి సైడు కాలువలో వేస్తే కల్వర్టు దగ్గర అడ్డంపడి మురుగు వీధిలోకి ఎదురుతంతుంది. పండగ మూడు రోజుల్లో వచ్చే డ్రైనేజీ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. వీటిని విడి సంచిలో ఉంచితే తడి చెత్తలోకి వెళ్తాయి.

వాటర్ వర్క్స్

నీటి గురించి నేను చెబుతానండి. ఒక మనిషికి రోజుకు 135 లీటర్లు అన్న లెక్కన నలుగురున్న ఇంటికి 540 లీటర్లు కావాలి. ఆరుగురు చుట్టాలు దిగితే అది 1,350 అవుతుంది. 500 లీటర్ల ట్యాంకు ఉన్న ఇంట్లో మధ్యాహ్నానికే నీళ్లు అయిపోతాయి. దాంతో అందరూ కుళాయి లైనుకే మోటార్లు బిగిస్తారు, అసలు ప్రమాదం అక్కడే. మోటారు లాగినప్పుడు పైపులో పీడనం పడిపోయి, జాయింట్లు కారే చోట బయటి మురుగు లోపలికి వస్తుంది. లైను చివరి ఇళ్లకు నీళ్లు అందవు, అందినవాళ్లకు రంగు మారిన నీళ్లు వస్తాయి.

నీటి సరఫరా చూసే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారిని "ఎక్కువసేపు వదలండి" అని అడగడం కన్నా, "భోగి తెల్లవారుజామున తలంట్లు ఉంటాయి కాబట్టి 13 రాత్రికే ఓవర్‌హెడ్ ట్యాంకు నింపి ఉంచి, 14న గంట ముందు వదలగలరా?" అని అడగండి. అది వాళ్ల చేతిలో ఉన్న పని. సమయం మారితే మీ వీధి వాల్వు తిప్పే ఫిట్టర్‌కు కూడా ఆ మాట చేరిందో లేదో కనుక్కోండి, చాలాసార్లు మాట ఏఈ దగ్గరే ఆగిపోతుంది. నీటి మీద అనుమానం వస్తే క్లోరిన్ పరీక్ష చేయమనండి. పరీక్ష గొట్టంలో నీళ్లు పట్టి, క్లోరిన్‌ను చూపే చుక్కల మందు వేస్తే పసుపు రంగు రావాలి. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. రంగు అసలే రాకపోతే ఆ నీళ్లు కాచకుండా తాగొద్దు, వెంటనే ఫిర్యాదు రాయించండి.

రెవెన్యూ విభాగం

ఇంటి పన్ను రెండో అర్ధ సంవత్సరం గడువు డిసెంబరు 31. దాటితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం కడితే ఇచ్చే 5 శాతం రాయితీ ఇప్పుడు వర్తించదు. ఆ పాత మెసేజ్ డిసెంబరులోనూ తిరుగుతూనే ఉంటుంది, కనిపిస్తే తీసేయండి.

మీ ఇంటి పన్ను ఖాతాకు ఇచ్చే అసెస్‌మెంట్ నంబరు పది అంకెలు. కట్టేముందు తెర మీద యజమాని పేరు, డోరు నంబరు సరిచూసుకోవాలి, ఒక్క అంకె తేడా పడితే పక్కింటి పన్ను కట్టేస్తారు. కుళాయి చార్జీ, ఖాళీ స్థలం పన్ను వేర్వేరు నంబర్ల మీద ఉంటాయి. రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర నంబరు 9552300009 ద్వారా కూడా కట్టొచ్చు. ఆఖరి రెండు రోజుల్లో సర్వర్ మీద భారం పెరిగి, ఖాతాలో డబ్బు కట్ అయినా రసీదు రాకపోవచ్చు. అప్పుడు వెంటనే రెండోసారి కట్టకండి. మర్నాడు బకాయి ఎంత చూపిస్తోందో చూసి, ఇంకా అలాగే ఉంటే లావాదేవీ నంబరు, తేదీ, మొత్తం రాసుకుని మున్సిపల్ కౌంటర్‌లో ఇవ్వండి.

"ఈ రాత్రికే మీ కుళాయి కనెక్షన్ తీసేస్తాం, ఈ ఫైలు తెరిచి కట్టండి" అని ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే అది మోసం. మున్సిపాలిటీ అలా పంపదు. గ్రూపులో పెద్దవాళ్లు ఉంటారు కాబట్టి ఈ ఒక్క ముక్క వారానికోసారి పెట్టినా తప్పులేదు.

గునుపూడి నివాసి

చాలా ధన్యవాదాలండి. భోగి మంట ఎప్పుడూ మా నాలుగు రోడ్ల కూడలిలో తారు రోడ్డు మీదే వేస్తారు. మాన్పించాలా? ఊరెళ్లేవాళ్లు తాళం వేసిన ఇళ్ల జాబితా గ్రూపులో పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?

ప్రజారోగ్యం తణుకు

జాబితా పెట్టకండి. 180 ఇళ్ల గ్రూపులో ఎవరి ఫోను ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. ఊరెళ్లేవాళ్లు స్టేషన్‌లో చెప్పాలి. మీ స్టేషన్ పరిధిలో ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్ల మీద పోలీసుల నిఘా వ్యవస్థ) ఉంటే పోలీసులే ఇంట్లో కదలికను పట్టే కెమెరా పెడతారు, దానికి డబ్బు తీసుకోరు. చివరి రోజు అడిగితే కెమెరాలు మిగలకపోవచ్చు కాబట్టి నాలుగు రోజుల ముందే చెప్పమనండి.

మంటకు మట్టి నేల దొరికితే అదే మేలు. తారు మీద వేస్తే వేడికి తారు మెత్తబడి కంకర ఊడుతుంది, వానాకాలానికి అక్కడ గుంత పడుతుంది. వేరే చోటు లేకపోతే అరడుగు మందాన ఇసుక పరిచి, చుట్టూ ఇటుకలు పేర్చి, దాని మీద వేయండి. పైన కరెంటు తీగలు, కేబుల్ వైర్లు, పక్కన ట్రాన్స్‌ఫార్మర్ ఉండకూడదు. టైర్లు, ప్లాస్టిక్, రంగులేసిన పాత తలుపులు, ప్లైవుడ్ మంటలో వేయొద్దని ఖరాఖండిగా చెప్పండి. చెత్త కాల్చడం నిబంధనలకు విరుద్ధం, ఆ పొగ చంటిపిల్లలకూ ఆయాసం ఉన్నవాళ్లకూ నేరుగా తగులుతుంది. రెండు బక్కెట్ల ఇసుక, ఒక డ్రమ్ము నీళ్లు దగ్గర పెట్టుకోండి.

బూడిదను వేడి మీద చెత్త బండికి ఇవ్వకూడదు. లోపల నిప్పు మిగిలితే బండిలోనో, డంపింగ్ యార్డులోనో అంటుకుంటుంది. నీళ్లు చల్లి, కర్రతో కెలికి, మర్నాడు ఎత్తండి. పిడకలు, కట్టెల బూడిదే అయితే మొక్కలకు వేసుకోవచ్చు.

మెసేజ్ ఇలా ఉంటే చాలు:

"చెత్త సేకరణ. జనవరి 15 గురువారం బండి రాదు. 16 ఉదయం 7 గంటలకు వస్తుంది. వర్తించేది: 1 నుంచి 6వ వీధి వరకు. చెప్పినవారు: వార్డు శానిటేషన్ సెక్రటరీ, జనవరి 12 సాయంత్రం. ఈ మెసేజ్ జనవరి 17 దాకా మాత్రమే."

ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏ వీధులకు, ఎప్పటిదాకా అన్నవి లేని మెసేజ్‌ను అడ్మిన్ ఉంచకూడదు. వివరం మారితే పాతదాన్ని అందరికీ డిలీట్ చేసి కొత్తది పెట్టండి. కింద సవరణ రాస్తే ఫార్వర్డ్ అయ్యేది పాతదే.

సిద్దిపేట నుంచి

తెలంగాణ మున్సిపాలిటీల్లో ఉన్నవాళ్లు వార్డు సెక్రటరీకి బదులు వార్డు ఆఫీసర్‌ను అడగాలి. పన్ను గడువు మాకూ డిసెంబరు 31నే. గాలిపటాల సంగతి ఎవరూ ఎత్తలేదు, అదీ చేర్చండి. నైలాన్, సింథటిక్ మాంజాను 2017 జులైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. గాజు పొడి పూయని నూలు దారమే వాడాలి. తీగల మీద చిక్కుకున్న దారాన్ని ఇనుప కడ్డీతో లాగొద్దు, లైన్‌మన్‌కు చెప్పండి. కనుమ మర్నాడు చెట్ల మీద మిగిలిన దారం తీయించమని శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను ముందే అడిగి పెట్టుకోండి, లేకపోతే పిట్టలు దానిలో ఇరుక్కుని చచ్చిపోతాయి.