బసవపురాణంలోని మహిమలు తీసేసి పిల్లలకు చెప్పాలా?

పాతపుస్తకం:
పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలోని భక్తుల కథల్ని పిల్లల కోసం వాడుక మాటల్లో రాస్తున్నాను. రాసినంతవరకు చూసిన స్నేహితుడొకరు "మహిమలన్నీ కొట్టేయ్, చరిత్ర మాత్రం ఉంచు" అన్నాడు. నాకు చేతులు రావడం లేదు. మీరేమంటారు?

శాసనాలపిచ్చి:
మీ స్నేహితుడి మాటే సరైంది. వీరశైవ భక్తి ఉద్యమాన్ని నడిపిన బసవడు 12వ శతాబ్దంలో కర్ణాటకలోని కళ్యాణంలో బిజ్జల రాజు కొలువులో ఉన్న మనిషి. సోమనాథుడు ఆ తర్వాత, భక్తులు చెప్పుకునే కథలు విని ద్విపద అనే రెండు పాదాల ఛందస్సులో కూర్చాడు. బసవడి పేరున్న 1260 నాటి అర్జునవాడ శాసనం లాంటివి మన దగ్గరున్నాయి. పిల్లలకు నిజం చెప్పండి.

పాతపుస్తకం:
శాసనమైతే మహిమ ఉండదనుకుంటున్నారా? కర్ణాటకలోని అబ్బలూరు శాసనం చదివే ఉంటారు. బసవపురాణంలోనూ కనిపించే శివభక్తుడు ఏకాంత రామయ్య జైనులతో పందెం వేసి తల కోసుకున్నాడనీ, ఏడో రోజున ఆ తల అతుక్కుందనీ రాతి మీదే చెక్కారు. తాటాకుని కాదని రాతిని ఎలా నమ్మమంటారు? ఆ కాలం వాళ్లు తమ మనిషిని తలుచుకునే పద్ధతే అది.

టీచరమ్మ:
నేను ఇదే పురాణంలోని బెజ్జమహాదేవి కథ ఏడో తరగతిలో చెప్పాను. శివుడికి తల్లి లేదని ఆమె బెంగపడుతుంది. తల్లి ఉంటే జడలు కట్టనిచ్చేదా, విషం తాగనిచ్చేదా అని ఏడుస్తుంది. సోమనాథుడు అక్కడ పాదం పాదానికీ "తల్లి" అనే ఎత్తుకుంటాడు. చివరికి తనే తల్లై లింగానికి స్నానం చేయించి, కాటుక పెట్టి, పాలు పడుతుంది. ఒకరోజు బిడ్డ పాలు ముట్టడు. అంగిటిముల్లు (పసిపిల్లల నోట్లో వచ్చే జబ్బు) పుట్టిందేమోనని ఆమె ప్రాణం కొట్టుకుంటుంది. అప్పుడు శివుడే ఆమె ముందుకు వస్తాడు. తల్లి లేని పిల్ల ఒకతి బెంచీ మీద తల వాల్చేసింది. శివుడు నిజంగా వచ్చాడా అని క్లాసులో ఒక్కరూ అడగలేదు. ఇందులో మహిమ తీసేస్తే మిగిలేదేముందండీ?

శాసనాలపిచ్చి:
బెజ్జమహాదేవి విషయంలో ఒప్పుకుంటాను మేడమ్. అది తీయకూడదు. నా గొడవ రామయ్య కథతోనే. తల అతుక్కున్నాక జైనుల గుడి కూల్చడం కూడా ఆ శాసనంలోనే ఉంది. భక్తుడి గొప్ప చెప్పడానికి అవతలివాణ్ణి దుర్మార్గుడిగా నిలబెట్టడం ఈ కథలకు అలవాటు. మీ క్లాసులో ఓ జైన పిల్లాడుంటే వాడికేం చెబుతారు?

టీచరమ్మ:
ఆ కథ ఏడో తరగతికి చెప్పను. పదో తరగతికైతే చెబుతాను, గుడి కూల్చడంతో సహా.

పాతపుస్తకం:
రామయ్య కథ మీద నాకు ఇంతవరకు ఈ ఆలోచనే రాలేదు, నిజం చెబుతున్నాను. దాన్ని ఈ పుస్తకంలోంచి తీసేస్తున్నాను. గొడగూచి మాత్రం ఉంటుంది. దేవుడు రోజూ పాలు తాగుతాడని నమ్మి, గిన్నె పట్టుకుని గుళ్లో ఏడుస్తూ కూర్చున్న పసిపిల్ల ఆమె. ఆ పాలు శివుడు తాగాడనే రాస్తాను.