సైనస్ తలనొప్పికి ఆపరేషన్ చేయించాలా?

కొవ్వూరి అబ్బాయి, నెల్లూరు: మా ఆవిడకి రెండేళ్లుగా నుదురు, బుగ్గలు బరువు, తలనొప్పి. స్కాన్‌లో ముక్కు దూలం వంకర, సైనస్ పొర మందం అని వచ్చింది. ఆపరేషన్ అంటున్నారు. చేయించుకున్నవాళ్లు చెప్పండి.

చీమకుర్తి పాలిషింగ్: చేయించన్నా. నేను పదేళ్లు గ్రానైట్ దుమ్ములో పనిచేశా. పసుపుపచ్చ చీమిడి గొంతులోకి జారేది. చేపల పులుసు ముందు పెట్టినా వాసన తెలిసేది కాదు. ఆపరేషన్‌తో తేటపడింది.

కావలి టీచరమ్మ: తొందరపడకండి. ఆమెకి చీములాంటి చీమిడి వస్తోందా, వాసన పోయిందా? లేక వాంతి, వెలుతురు పడకపోవడమా? రెండోదైతే మైగ్రేన్ కావచ్చు. అందులోనూ ముక్కు దిబ్బడేస్తుంది, కళ్లు నీళ్లు కారతాయి. ముఖానికీ సైనస్‌లకీ నరం ఒకటే, ట్రైజెమినల్. సైనస్ తలనొప్పి అనుకుంటున్న దాదాపు 3 వేల మందిని పరీక్షించి 2004లో అచ్చేసిన అమెరికా అధ్యయనంలో 88 శాతం మందివి మైగ్రేన్ తరహా లక్షణాలే. నాకూ అప్పు చేసి ఆపరేషన్ చేయించారు. నొప్పి పోలేదు.

ఒంగోలు పెద్దాయన: పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్చమనండి.

చీమకుర్తి పాలిషింగ్: అయితే స్కాన్ అబద్ధమా?

కావలి టీచరమ్మ: అబద్ధం కాదు. ఏ నొప్పీ లేనివాళ్లకి తీసినా దూలం వంకర, పొర మందం కనబడుతుంటాయి.

చీమకుర్తి పాలిషింగ్: కనబడినదాన్ని కాదంటారేంది? మరి నాకెట్లా తగ్గింది? మీ ఆపరేషన్ ఫెయిలైందని అందరినీ ఆపుతారా?

కోవూరు సుబ్బులు: దిబ్బడ తగ్గడానికి ముక్కులో వేసే చుక్కలు వారం దాటి వాడొద్దు, దిబ్బడ ఎక్కువవుతుంది.

కావలి టీచరమ్మ: నాలుగేళ్లు తలనొప్పంటే మా ఇంట్లో పని తప్పించుకోవడానికన్నారు. ఫిల్ములో తెల్లగా ఏదో కనబడ్డాకే పాపం అన్నారు. అందుకే ఆపరేషన్‌కి ఒప్పుకున్నా. తర్వాత మైగ్రేన్ అని తేలేసరికి మళ్లీ "టెన్షన్ పడకు" మొదలైంది. ఫిల్ములో కనబడకపోతే నొప్పి నొప్పి కాదా తమ్ముడూ?

చీమకుర్తి పాలిషింగ్: అదా అక్కా మీ బాధ. నన్నూ దుమ్ము పడని సోమరోడన్నారు. స్కాన్ కాగితం చూపించాకే మేస్త్రీ సెలవిచ్చాడు. అందుకే ఆ కాగితం తప్పంటే నాకు పడదు.

కొవ్వూరి అబ్బాయి, నెల్లూరు: ఇప్పుడే ఆవిడని అడిగా. చీము లేదంట. వాంతవుతుందంట, లైటు ఆపి వంటింట్లో కూర్చుంటుందంట. ఎందుకు చెప్పలేదంటే నువ్వెప్పుడడిగావంటోంది.

కావలి టీచరమ్మ: నొప్పొచ్చిన రోజులు, వేసుకున్న మాత్రలు క్యాలెండర్‌లో రాయమనండి. నెలనెలా 15 రోజులో అంతకుమించో నొప్పి మాత్రలు మింగుతుంటే, కొన్ని రకాలైతే 10 రోజులకే, ఆ మాత్రలే నొప్పి తేవచ్చు. ఆ క్యాలెండర్‌తో నరాల డాక్టర్ దగ్గరికెళ్లండి.

చీమకుర్తి పాలిషింగ్: వెళ్లన్నా. కానీ ముక్కులో కెమెరా గొట్టం పెట్టి చూశారా లేదా? ముందు అది చెప్పు.