బ్లాక్ ఫారెస్ట్ కేక్ రెండుసార్లు పాడైంది, ఆగస్టు 31కి మూడోసారి చేయాలి, కాస్త సాయం చేయండి

గోదారిగట్టు

అందరికీ నమస్తే. ఈ నెలాఖరుకి మా నాన్న రిటైర్ అవుతున్నారు, బడిపంతులు. నా చిన్నప్పుడు ప్రతి పుట్టినరోజుకీ బస్టాండ్ దగ్గర బేకరీలో అర కేజీ బ్లాక్ ఫారెస్ట్ కొని సైకిల్ హ్యాండిల్‌కి తగిలించుకుని తెచ్చేవారు. ఇంటికి చేరేసరికి సగం క్రీమ్ అట్టపెట్టె మూతకే అంటుకునేది, ఆ మూత నాకడం నా వంతు. అందుకని ఈసారి కొనకుండా నేనే చేసి ఆయన ముందు పెట్టాలని ఇంట్లో అందరికీ చెప్పేశాను, ఇప్పుడు పరువు సమస్య అయింది.

మొదటిసారి కేక్ మధ్యలో గోపురంలా లేచి పగిలింది, తొందరలో వేడి మీదే కోస్తే పొడిపొడి అయిపోయింది. రెండోసారి స్పాంజ్ పరవాలేదు కానీ క్రీమ్ దెబ్బ కొట్టింది. కూరల్లో వేసే ఫ్రెష్ క్రీమ్ రెండు ప్యాకెట్లు పోసి ఇరవై నిమిషాలు బీటర్ తిప్పినా మజ్జిగలాగే ఉంది. అప్పుడు పరుగెత్తి విప్పింగ్ క్రీమ్ తెచ్చాను, అది బాగానే గట్టిపడింది, కానీ మా వంటింట్లో మధ్యాహ్నం రెండు గంటల వేడికి పూస్తుంటేనే జారుతోంది. పై పొర పక్కకి నడుచుకుంటూ వెళ్ళిపోయింది, చెర్రీ రసం ధవళేశ్వరం గేట్లు ఎత్తినట్టు నాలుగు వైపులా కారింది.

నా సందేహాలు: ఏ క్రీమ్ వాడాలి? బేకరీ వాళ్ళ కేక్ అంత తడిగా ఎలా ఉంటుంది? డబ్బాలో దొరికే ఎర్ర చెర్రీలు నాకైతే ఉత్త చక్కెర ముద్దల్లా ఉన్నాయి, వేరే దారి ఉందా? ఇంకోటి, మా అమ్మమ్మ గుడ్డు తినదు, ఆవిడకి చిన్నది విడిగా చేయాలా? రాజమండ్రిలో ఉంటాం, ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉంది, ఏసీ లేదు. పది రోజులే టైం, టెన్షన్‌గా ఉంది.

ఓటీజీ అక్క

టెన్షన్ పడకు చెల్లీ, నువ్వు చేసిన తప్పులన్నీ నేనూ వరసగా చేశాను. హైదరాబాద్‌లో ఇంటి నుంచే కేకులు చేసి ఇస్తుంటాను, మే నెలలో కూడా.

ముందు అమ్మమ్మగారి సంగతి. విడిగా చేస్తే ఆవిడ ముట్టుకోరు, అదే బీటర్ కదా, అదే గిన్నె కదా అంటారు. మా అత్తగారితో నాకు అనుభవం. మొత్తం ఎగ్‌లెస్‌గానే చేసెయ్, పెరుగుతో చేస్తే నీకే సులువు. గుడ్ల స్పాంజ్‌లో నురగ దిగిపోకుండా పిండి కలపడం ఓ విద్య, పది రోజుల్లో రాదు.

ఏడంగుళాల టిన్నుకి కొలత రాసుకో. పుల్లబడని చిక్కటి పెరుగు ఒక కప్పు, చక్కెర ముప్పావు కప్పు, రెండూ కలిపి చక్కెర పూర్తిగా కరిగేదాకా తిప్పు. అందులో టీస్పూన్ బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ వంటసోడా వేసి ఐదు నిమిషాలు వదిలితే పొంగుతుంది. తర్వాత వాసన లేని నూనె అర కప్పు, కొంచెం వెనీలా. ఒకటింపావు కప్పు మైదా, పావు కప్పు కోకో కలిపి రెండుసార్లు జల్లించి మూడు విడతల్లో వేసి కలుపు. పిండి కలిశాక ఇంక తిప్పొద్దు, తిప్పేకొద్దీ రబ్బరు అవుతుంది. ఇందులో వెన్న వాడకపోవడానికి కారణముంది, ఈ కేక్ ఫ్రిజ్‌లోనే ఉండాలి కదా, వెన్న చల్లబడితే గడ్డకట్టి కేక్ బిగుసుకుంటుంది, నూనె గడ్డకట్టదు కాబట్టి మెత్తగానే ఉంటుంది.

గోపురంలా లేచి పగిలిందంటే వేడి ఎక్కువైందన్నమాట. పైన, అంచుల దగ్గర ముందే ఉడికి గట్టిపడితే లోపలి పిండికి పోవడానికి మధ్యలోనే దారి దొరుకుతుంది. ఓటీజీ మీద 180 అని తిప్పినా లోపల 200 ఉండొచ్చు, రెండు మూడు వందలు పెట్టి లోపల పెట్టే థర్మామీటర్ కొను, చాలా కేకులు బతుకుతాయి. పావుగంట ముందే వేడిచేసి, కింది అరలో, 170లో 35 నుంచి 40 నిమిషాలు. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. పది నిమిషాలయ్యాక టిన్నులోంచి తీసి, పూర్తిగా చల్లారాక క్లింగ్ ఫిల్మ్ చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టెయ్. కోసేది మర్నాడే. చుట్టూ చాకుతో గాటు పెట్టి, ఆ గాట్లో గట్టి దారం పెట్టి రెండు కొసలూ అడ్డంగా లాగితే పొర చక్కగా విడిపోతుంది. మూడు పొరలు వస్తాయి.

ఇప్పుడు క్రీమ్. ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే, అది జన్మలో నిలబడదు, నీ చేతి తప్పు కాదు. 30 శాతం, ఆ పైన ఉంటేనే నురగని పట్టుకుంటుంది. అదీ చల్లగా ఉన్నంతసేపే, కొవ్వు మెత్తబడిందంటే గాలి జారిపోతుంది. పాల విప్పింగ్ క్రీమ్ రుచిలో రాజు, మన ఎండలో మాత్రం బంటు. ఫ్రీజర్‌లో అమ్మే నాన్ డైరీ క్రీమ్ నూనెతో చేసింది, గంటలు నిలబడుతుంది, ముందే తీపి ఉంటుంది, కానీ తిన్నాక అంగిట్లో జిడ్డు అంటినట్టుంటుంది. నేను చేసేదేంటంటే లోపలి పొరలకి పాల క్రీమ్ ఒక 300 గ్రాములు, పైపూతకి నాన్ డైరీ ఒక 250. కొందరు నన్ను తిడతారు, తిట్టనీ.

స్టీలు గిన్నె, బీటర్ పుల్లలు అరగంట ఫ్రీజర్‌లో పెట్టు. గిన్నె కింద ఇంకో వెడల్పు గిన్నెలో ఐసు, ఒక గుప్పెడు ఉప్పు. పాల క్రీమ్‌లో మూడు చెంచాల చక్కెర పొడి వేసి, బీటర్ ఎత్తితే కొస వంగకుండా నిలబడేదాకా తిప్పి అక్కడే ఆపు. ఇంకో నిమిషం తిప్పావో గరుకుగా విరిగి, చివరికి వెన్న తేలుతుంది. మీగడ చిలికిన ఇంట్లో పుట్టినదానివి, నీకు నేను చెప్పేదేంటి. నాన్ డైరీ అయితే ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లోంచి కింది ఫ్రిజ్‌లోకి దించు, ఇంకా కాస్త ఐసు పలుకులు ఉండగానే తిప్పాలి.

తడి సంగతి: అర కప్పు నీళ్ళు, పావు కప్పు చక్కెర మరిగించి చల్లార్చి పొరకి నాలుగైదు చెంచాలు బ్రష్‌తో అద్దు. నూనె కేక్ కాబట్టి అంతే చాలు, ఎక్కువ పోస్తే మళ్ళీ జారుతుంది. రసం కారిందన్నావు కదా, చెర్రీ రసాన్ని కార్న్‌ఫ్లోర్‌తో చిక్కగా ఉడికించి పూర్తిగా చల్లార్చాలి, వేడిగా వేస్తే కింద క్రీమ్ కరిగి అంతా నడుస్తుంది. పొర అంచున క్రీమ్‌తో చుట్టూ గట్టు కట్టి, పండు లోపలే ఉంచు. పేరు గోదారిగట్టు అని పెట్టుకుని గట్టు కట్టకపోతే ఎలా.

పని తెల్లవారుజామున ఐదింటికి పెట్టుకో. ఒక్కో పొర అయ్యాక ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ తియ్యి.

పుల్లటి నిజం

చెర్రీల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా, కోపం తెచ్చుకోకండి. మన ఊళ్ళలో బేకరీ కేక్ మీద మెరిసే ఆ ఎర్రటి గుండు చాలాసార్లు చెర్రీ కాదు, వాక్కాయ. అవును, మనం పప్పులో, పులిహోరలో వేసుకునేదే, కొన్నిచోట్ల కలేకాయ అంటారు. గింజ తీసి, ఉప్పునీళ్ళలో ఊరబెట్టి, ఎర్ర రంగు పట్టించి, రోజుల తరబడి చక్కెర పాకంలో నానబెడితే చెర్రీ అయిపోతుంది. దానికున్న ఒకే ఒక్క సుగుణం పులుపు, అది కాస్తా ఈ మర్యాదలన్నిట్లో పోతుంది. మీకు చక్కెర ముద్దలా అనిపించిందంటే మీ నాలుక బాగానే పనిచేస్తోంది.

కశ్మీర్, హిమాచల్ చెర్రీలు మే, జూన్‌లలో వస్తాయి, ఇప్పుడు లేవు. డబ్బాల్లో ముదురు రంగు నిజం చెర్రీలు పెద్ద షాపుల్లో ఉంటాయి, ధర చూసి కొనండి.

నెకార్ తీరం

జర్మనీలో ట్యూబింగెన్ దగ్గర ఉంటున్నాను, మాది తణుకు. ఇక్కడ దీన్ని ష్వార్ట్స్‌వాల్డర్ కిర్ష్‌టోర్టె అంటారు, ష్వార్ట్స్‌వాల్డ్ అంటే నల్ల అడవి, మా ఇంటికి కాస్త దూరంలోనే మొదలవుతుంది. కానీ ఈ కేక్ అక్కడే పుట్టిందా అంటే ఇక్కడివాళ్ళే కొట్టుకుంటారు. యోజెఫ్ కెల్లర్ అనే ఆయన 1915లో బాడ్ గోడెస్‌బర్గ్‌లో నేనే చేశానన్నాడు, ఆ ఊరు బాన్ పక్కన, రైన్ ఒడ్డున, నల్ల అడవికి చాలా ఉత్తరాన. మా ట్యూబింగెన్ వాళ్ళేమో 1930లో ఇక్కడి కఫేలో పుట్టిందంటారు, నేను అద్దె కట్టేది ఇక్కడే కాబట్టి వీళ్ళ పక్షమే.

అసలు సంగతి పులుపు. ఇక్కడ వేసేది తీపి చెర్రీ కాదు, పుల్ల చెర్రీ, సీసాల్లో దొరుకుతుంది. మొదటిసారి తిన్నప్పుడు నేను ఇదేం బ్లాక్ ఫారెస్ట్ అనుకున్నాను, తీపి తక్కువ, పులుపు ఎక్కువ, పైగా ఘాటు. ఘాటు ఎందుకంటే కిర్ష్‌వాసర్ పోస్తారు, చెర్రీలు పులియబెట్టి బట్టీలో కాచిన సారా, చూడ్డానికి నీళ్ళలా ఉంటుంది. దాని రుచి స్పష్టంగా తెలియకపోతే ఆ పేరుతో అమ్మకూడదని ఇక్కడ నిబంధన. చాలామంది అడుగున పలచటి బిస్కట్ లాంటి పొర కూడా వేస్తారు, దానివల్ల కేక్ ఎత్తితే వంగదు. క్రీమ్ ఉత్త పాల క్రీమే, చక్కెర నామమాత్రం. చలిదేశం కాబట్టి నడుస్తుంది, అయినా క్రీమ్ నిలబడ్డానికి ప్యాకెట్లలో ఒక పొడి అమ్ముతారు, జూలైలో అందరూ కొంటారు. కాబట్టి సిగ్గుపడాల్సిన పనేం లేదు.

సారా వద్దనుకుంటే చెర్రీ రసంలో నిమ్మకాయ పిండి అద్దండి. మా పిల్లలకి అలాగే చేస్తాం.

కొనేద్దాం

ఇంత కష్టం ఎందుకండీ, ఆరేడు వందలు పెడితే కేజీ కేక్ వస్తుంది, మీరు కొన్న క్రీమ్ ఖర్చు కూడా అంతే కదా.

ఓటీజీ అక్క

వస్తుంది బాబూ, ఆవిడ చిన్నప్పటి నుంచి అదే తిన్నారు. ప్రశ్న అది కాదు.

@నెకార్ తీరం, పంతులుగారి రిటైర్మెంట్‌కి సారా కేక్ పెట్టిస్తారా తమ్ముడూ, హెడ్మాస్టర్ కూడా వస్తారేమో. కానీ ఆ పులుపు మాట నాకు కొత్త, ఇన్నేళ్ళుగా నేనూ డబ్బా చెర్రీయే పోస్తున్నా.

గోదారిగట్టు

ఒక పిచ్చి ఆలోచన. ఇప్పుడు మార్కెట్‌లో వాక్కాయలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. ఎలాగూ బేకరీ చెర్రీ వాక్కాయే అయితే, పులుపు పోకుండా నేనే వండి పొరల మధ్య వేస్తే? నవ్వకండి.

పుల్లటి నిజం

నవ్వడం కాదు, నేను ఈ మాట ముందే ఎందుకు అనలేదా అని బాధపడుతున్నా.

పప్పులోకి కొనే పచ్చివి కాదు, ముదురెరుపు తిరిగి నల్లబడుతున్న పండ్లు ఏరుకోండి, అరకేజీ. చేతికి నూనె రాసుకుని సగానికి కోసి గింజలు తీయండి, లేకపోతే ఆ పాలు జిగురు పట్టి మూడు రోజులు వదలవు. ఉప్పునీళ్ళలో గంట ఉంచి రెండుసార్లు కడగండి. అరకేజీకి 300 గ్రాముల చక్కెర, రెండు చెంచాల నీళ్ళు, సన్నటి సెగ, పది పన్నెండు నిమిషాలు. ముక్క మెత్తబడాలి కానీ చితకకూడదు. వాక్కాయ జెల్లీలా దానంతట అదే గడ్డకడుతుంది, కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదేమో, చల్లారాక చూసుకోండి. రంగు వేయొద్దు, అదే వస్తుంది.

నెకార్ తీరం

ఇక్కడివాళ్ళకి చెబితే కేసు పెడతారు. ఫోటో మాత్రం పెట్టండి.

గోదారిగట్టు

సెప్టెంబర్ 1. అయిపోయింది, నిలబడింది!

29 రాత్రి కేక్ కాల్చి, 30 తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి పొరలు పేర్చాను. థర్మామీటర్ కొన్నాను, నా ఓటీజీ 170 అంటే లోపల 195 చూపించింది, దొంగ మొహంది. కేక్ చదునుగా వచ్చింది. మొదటి పొర దారంతో బాగానే తెగింది, రెండోది వంకర పోయింది, ఆ వంకర పొరని మధ్యలో పెట్టి క్రీమ్‌తో సరిచేశాను. పైకి ఏం తెలియలేదు కానీ కోశాక ఒకవైపు సన్నగా, ఒకవైపు లావుగా కనబడింది. చాక్లెట్ తురుము చేత్తో వేయబోయి కరిగించుకున్నాను, చెంచాతో చల్లితే సరిపోయింది, ఎవరైనా చేసేవాళ్ళుంటే గుర్తుపెట్టుకోండి.

వాక్కాయ వండినప్పుడు మా అమ్మ పక్కన నిలబడి ఇంత చక్కెర పోసి మంచి కాయలు పాడుచేస్తున్నావు అని గొణిగింది. కానీ రంగు చూడాలి మీరు, క్రీమ్ మధ్య ముదురెరుపు గీతలా వచ్చింది. చాక్లెట్ చేదు, క్రీమ్ తీపి, మధ్యలో ఆ పులుపు చురుక్కుమని తగలడం, డబ్బా చెర్రీతో ఇది రాదు. అమ్మమ్మ రెండోసారి అడిగి పెట్టించుకుంది. నాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగి, "ఇందులో వాక్కాయ ఎవరు వేశారు?" అన్నారు, నలభై మంది ముందు. నేను భయపడుతూ చెయ్యెత్తాను, బడిలోలాగా. ఇంకో ముక్క ఇమ్మన్నారు.

ఫోటో తీసేలోపే సగం అయిపోయింది, నెకార్ తీరం గారు క్షమించాలి. ఓటీజీ అక్కా, నాన్ డైరీ క్రీమ్ గిలకొట్టనిది ఇంకా 200 మిగిలింది, మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?

ఓటీజీ అక్క

పెట్టకు, ఒకసారి కరిగాక మళ్ళీ గడ్డకట్టిస్తే విరిగిపోతుంది. ఇప్పుడే గిలకొట్టి చిన్న చిన్న పువ్వుల్లా ప్లేటు మీద పిండి, ఆ ప్లేటు ఫ్రీజర్‌లో పెట్టు, కోల్డ్ కాఫీలోకి వస్తాయి. మిగిలిన వాక్కాయ పాకం ఉంటే మాత్రం నాకు పంపు.