పరిశోధన ఎటు పోతుందో మోడల్ చెప్పగలదా?

సాగర్_కాలువ
వచ్చే ఐదేళ్లలో ఏ జబ్బులపై పరిశోధన పత్రాలు పెరుగుతాయో అంచనా కట్టమన్నారు మా గైడ్. 2000 నుంచి ఏటా వచ్చిన పత్రాలు లెక్కబెట్టి ఏరిమా మోడల్ (పాత అంకెల వరుసను బట్టి రాబోయేవి అంచనా కట్టేది) పెట్టాను. కోవిడ్ పత్రాల వల్ల 2020, 2021 దగ్గర గీత నిట్టనిలువుగా లేచింది. ఆ రెండేళ్లు తీసేయవచ్చా?

గణాంకాల_మాస్టారు
తీసేయకండి. పద్దెనిమిదేళ్లుగా ఇదే బోధిస్తున్నాను. డమ్మీ చలరాశి పెట్టండి, అంటే ఆ రెండేళ్లకు 1, మిగతా ఏళ్లకు 0. అది పెట్టేముందు అన్నేళ్ల సంఖ్యలకూ లాగరిథమ్ తీసుకోండి. పత్రాలు చక్రవడ్డీలా పెరుగుతాయి.

మర్రిగూడ_బిడ్డ
ఆ గీతలో మా నీళ్ల ఫ్లోరైడ్ జబ్బు ఎక్కడుంది? మా నాన్న మెడ తిప్పలేరు, పిలిస్తే మనిషంతా తిరగాలి. పత్రాలు తగ్గితే జబ్బు తగ్గినట్టా? నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ పద్ధతి అని మా జిల్లా పేరైతే పెట్టారు. ఆ నీళ్లు వగరు, మా ఇంట్లో ఎవరూ తాగలేదు.

నీటి_పరీక్ష
వగరంటే పటిక ఎక్కువైందని అర్థం. పద్ధతిని తిట్టకండి. జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేర్చి వడగట్టాలి. బకెట్ చాలు, కరెంటు అక్కర్లేదు. స్వయంగా చేశాను.

మర్రిగూడ_బిడ్డ
మీరు ఒకరోజు చేశారు. మా అమ్మ రోజూ చేయాలి. బోరు బోరుకూ ఫ్లోరైడ్ వేరు, పటిక మోతాదూ వేరు. ఎవరు కొలిచి చెప్పారు? నీళ్లలో మిగిలే అల్యూమినియం సంగతి ఎందుకు దాటేశారు?

నీటి_పరీక్ష
దాటేయలేదు. మోతాదు తప్పితే మిగులుతుంది. గొంతు పెంచితే రసాయనశాస్త్రం మారదు.

మర్రిగూడ_బిడ్డ
గొంతు పెంచకపోతే మా ఊరికి ఎవరు వచ్చారు?

పాలమూరు_వలస
మా జిల్లా నుంచి ముంబయికి, పుణేకు మట్టిపనికి వెళ్లినవాళ్ల ఊపిరితిత్తులు ఎవరైనా పరీక్షించారా? లెక్కే లేనిచోట మోడల్ ఏం చెబుతుంది?

గణాంకాల_మాస్టారు
అసలు విషయానికి రండి. గూగుల్ 2008లో జనం వెతికే మాటలను బట్టి ఫ్లూను అంచనా వేయడం మొదలుపెట్టింది. 2012–13 చలికాలంలో అది అమెరికా అధికారిక లెక్కకు దాదాపు రెట్టింపు చూపింది. 2015లో ఆపేశారు. డేటా కొండంత ఉన్నా కొలిచేది వేరైతే అంతే. 2019 దాకా ఉన్న అంకెలతో ఎవరూ కోవిడ్ పత్రాలను ఊహించలేకపోయేవారు.

సాగర్_కాలువ
డమ్మీ పెట్టాను సార్, గీత కుదురుకుంది. మర్రిగూడ అన్నా, మీ మాటతో మళ్లీ వెతికాను. నేను వైద్య పత్రికలే తీసుకున్నాను. ఫ్లోరైడ్ తొలగింపు పత్రాలు చాలావరకు రసాయన, పర్యావరణ పత్రికల్లో ఉన్నాయి. రెండూ కలిపి మళ్లీ లెక్కబెడతాను.

నీటి_పరీక్ష
మర్రిగూడ తమ్ముడూ, మీ బోరు నీళ్లు అర లీటరు పంపండి, కొలిచి చెబుతాను. ప్లాస్టిక్ సీసాలోనే పట్టండి. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు పనికిరాదు.

మర్రిగూడ_బిడ్డ
రెండు బోర్లున్నాయి. రెండూ తెస్తాను.