తిరుపతిలో తాళంచెవుల అంగడి పెట్టాలనుంది, ముందు ఏం నేర్చుకోవాలి?

చంద్రగిరి ఫిట్టర్:

అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి. ఐటీఐలో ఫిట్టర్ చేశాను. రేణిగుంట పక్క ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను, అది మార్చితో అయిపోతుంది. మళ్లీ ఇంకో కాంట్రాక్టు కోసం తిరగాలని లేదు. డూప్లికేట్ తాళంచెవులు, డోర్ లాకులు, బండి లాకులు చేసే పనిలోకి దిగాలని గట్టిగా అనుకుంటున్నా.

మా మామ కొడుకేమో లోను పెట్టి కారు కీ ప్రోగ్రామింగ్ మెషీన్ కొనెయ్, ఒక్కో కారుకు వేలల్లో వస్తుంది అంటున్నాడు. మా నాన్నకు వేరే టెన్షన్. ఊర్లో ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు ముందు నీ దగ్గరికే వస్తారు అంటాడు. పైగా ఇప్పుడు అన్నీ వేలిముద్ర లాకులు వస్తున్నాయి కదా, ఈ పని ముందుముందు ఉంటుందా? ఈ పనిలో ఉన్నవాళ్లు చెప్పండన్నా.

బస్టాండ్ బీగాలాయన:

తమ్ముడూ, నేను తిరుపతి బస్టాండ్ దగ్గర ఈ పనే చేస్తున్నాను. మా పెదనాన్న దగ్గర నేర్చుకున్నా. మెషీన్ సంగతి ముందు చెప్తా: ఇప్పుడే వద్దు.

కారు తాళంచెవి తలకాయలో చిన్న చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్ దాన్ని చదివి, సరిపోతేనే ఇంజన్‌కు అనుమతి ఇస్తుంది. చెవి ఎంత బాగా కోసినా చిప్ నమోదు కాకపోతే బండి అందుకోదు. మెషీన్ కావాల్సింది అక్కడ. కానీ ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, కొత్త మోడల్ వస్తే అప్‌డేట్‌కు మళ్లీ డబ్బు కట్టాలి. గిరాకీ కుదరకముందే కొంటే నువ్వు సంపాదించేది కంతులకే సరిపోతుంది. మన ఊర్లో రోజూ వచ్చే పని స్కూటర్లు, బైకులు, ఇంటి తలుపులు, బీరువాలు, లాడ్జీలు. దర్శనానికి వచ్చి సూట్‌కేసు తాళంచెవి పోగొట్టుకున్నవాళ్లు, నడకదారిలో బండి చెవి జారవిడుచుకున్నవాళ్లు కూడా దాదాపు రోజూ ఎవరో ఒకరు వస్తారు.

నువ్వు ముందు నేర్వాల్సింది ఇంప్రెషన్. ఒరిజినల్ లేకుండా, బీగం విప్పకుండా, ఉత్త బ్లాంక్‌తో (పళ్లు కోయని చెవితో) చెవి తయారుచేయడం. ఫిట్టర్‌వి కాబట్టి కాస్త వివరంగా చెప్తా. ఆ గాడికి సరిపోయే ఇత్తడి బ్లాంక్ తీసుకుని, పైఅంచును సన్న పళ్ల ఫైల్‌తో నున్నగా మెరిసేలా చెయ్. బీగంలో పెట్టి, తిరిగే వైపు గట్టిగా తిప్పిపట్టి, కొంచెం పైకీ కిందికీ ఊపు. బయటికి తీసి లైటు కింద వాలుగా పట్టి చూడు. బీగం లోపలి పిన్ను (స్ప్రింగు మీద ఆడే చిన్న కడ్డీ) నొక్కుకున్న చోట సూదిమొనంత మచ్చ కనపడుతుంది. అక్కడ మాత్రమే ఫైల్ ఒకటి రెండు సార్లు ఆడించి మళ్లీ పెట్టు. ఏ పిన్ను సరైన లోతుకు వస్తే ఆ చోట మచ్చ పడటం ఆగిపోతుంది. ఇక దాన్ని ముట్టుకోకూడదు. ఇంటి బీగాల్లో మామూలుగా ఐదారు పిన్నులుంటాయి, అన్నిచోట్లా మచ్చ ఆగిన క్షణాన బీగం తిరుగుతుంది. కంగారుపడి ఒక్క చోట లోతు ఎక్కువ తీశావా, ఆ బ్లాంక్ పనికిరాదు, ఇంకోటి తీసుకోవాల్సిందే.

ఈ పిన్ను బీగానికి లైనస్ యేల్ అమెరికాలో 1861లో పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు మన తలుపులకు ఉన్న సిలిండర్లు (చెవి దూరి తిరిగే గుండ్రటి భాగాలు) చాలావరకు ఆ పద్ధతివే. కాబట్టి దీని మీద పెట్టిన సమయం వృథా పోదు. ఇది చేతికి వచ్చాక లివర్ బీగాలు పట్టుకో. గోద్రెజ్ నవ్‌తాల్ లాంటి వాటిలో పిన్నులుండవు, లివర్లు, అంటే చెవి పైకి లేపే పలకలుంటాయి. ఒక్కో లివర్ సరిగ్గా దాని ఎత్తుకే లేవాలి, ఎక్కువ లేచినా తక్కువ లేచినా బోల్టు కదలదు. వాటికి బ్లాంక్‌ను దీపం పొగ మీద నల్లగా మసిపట్టించి, లోపల పెట్టి తిప్పి, మసి ఎక్కడ చెరిగిందో చూసి కోస్తాం. బైకులవి మళ్లీ వేరు, సన్నటి ప్లేట్లు ఉంటాయి. చెవి పూర్తిగా పోతే చాలాసార్లు పెట్రోల్ ట్యాంకు బీగం విప్పి, ఆ ప్లేట్ల ఎత్తు చూసి కొలత తీసుకుంటాం.

ఇక మీ నాన్న భయం. ఆయన చెప్పింది తేలిగ్గా తీసుకోవద్దు. ఎవరికి తీస్తున్నామో చూడకుండా బీగం తీసేవాడు ఈ పనికి తగడు, ఈ మాట నేను మనస్ఫూర్తిగా చెప్తున్నా. ఇల్లయితే ఆధార్‌లో అడ్రసు చూడు. అద్దె ఇల్లయితే ఓనరుకు ఫోన్ చెయ్, పక్కింటివాళ్లను పిలువు. బండి అయితే ఆర్సీ. తమిళనాడు, కర్ణాటక బండ్లవాళ్లు ఆర్సీ లోపలే ఉండిపోయింది అంటారు. నిజమే కావచ్చు, డిజిలాకర్‌లో చూపించమను. డోరు తీశాక ఒరిజినల్ చూసి, పేరు, ఫోన్ నంబరు, బండి నంబరు పుస్తకంలో రాసుకుని, సంతకం పెట్టించుకున్నాకే చెవి చేతికివ్వు. సబ్బు మీద అచ్చు వేసి తెచ్చేవాళ్లు, వాట్సాప్‌లో తాళంచెవి ఫొటో పంపి కోసిమ్మనేవాళ్లు వస్తారు. ఎంత ఇస్తామన్నా చెయ్యొద్దు. ఫొటో చూసి కోయడం సాధ్యమే, అందుకే వద్దంటున్నా. అంగడి తెరిచే ముందే పోలీసు స్టేషన్‌కు వెళ్లి ఫలానా చోట ఈ పని పెడుతున్నానని చెప్పి, నీ నంబరు ఇచ్చి రా.

లాడ్జి మేనేజరు:

రైల్వే స్టేషన్ పక్క లాడ్జిలో పనిచేస్తాను. మాకేం కావాలో చెప్తా, బాబుకు పనికొస్తుంది. గెస్టు తాళంచెవి పోగొడితే చాలామంది ఇంకో డూప్లికేట్ కోసిచ్చి వెళ్లిపోతారు. పోయిన చెవి ఎవరి చేతిలో ఉందో ఎవరికి తెలుసు? సిలిండర్ విప్పి పిన్నులు మార్చి, పాత చెవి పనిచేయకుండా చేసేవాడు కావాలి మాకు. మాస్టర్ కీ (అన్ని రూములకూ పట్టే చెవి) చెడకుండా ఆ పని చేయగలిగితే ఇంకా మంచిది. సుప్రభాతం టికెట్ ఉన్నవాళ్లు అర్ధరాత్రే లేస్తారు, ఆ టైములో రూము తెరుచుకోకపోతే మా పరిస్థితి చెప్పలేను. ఫోన్ ఎత్తే మనిషిని మేం వదులుకోం.

మీసేవ అక్క:

తమ్ముడూ, లోను అన్నావు కాబట్టి రాస్తున్నా. పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరు 17న మొదలైంది. అందులోని 18 వృత్తుల్లో తాళాల పని కూడా ఉంది, చాలామందికి ఈ సంగతి తెలియదు. 18 ఏళ్లు నిండి, సొంతంగా చేతి పనిముట్లతో ఈ పని చేస్తూ ఉండాలి. ఇంట్లో ఒక్కరికే ఇస్తారు, కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే రాదు. శిక్షణ 5 నుంచి 7 రోజులు, రోజుకు 500 స్టైపెండ్, పనిముట్లకు 15,000 వరకు వోచర్. శిక్షణ అయ్యాక తాకట్టు లేకుండా మొదట లక్ష, 18 నెలల్లో కట్టాలి. తర్వాత 2 లక్షలు, 30 నెలలు. వడ్డీ 5 శాతం.

జాగ్రత్త, తొందరపడి ముందే ముద్రా లోను తీసుకోవద్దు. అది పూర్తిగా తీర్చేవరకు ఇందులో అర్హత ఉండదు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, రేషన్ కార్డు, ఆధార్‌కు లింకైన ఫోన్ తీసుకుని దగ్గర్లోని సీఎస్‌సీకి (కామన్ సర్వీస్ సెంటర్‌కు) వెళ్లు.

చంద్రగిరి ఫిట్టర్:

అక్కా, ఈ పథకం గురించి నిజంగా తెలియదు, చాలా థ్యాంక్స్. అన్నా, అయితే మెషీన్ ఆలోచన పక్కన పెట్టేశా. ఇంట్లో ప్రాక్టీసుకు బీగాలు ఎక్కడ తెచ్చుకోవాలి? మొదట ఏమేం కొనాలి? వేలిముద్ర లాకుల గురించి కూడా చెప్పు.

బస్టాండ్ బీగాలాయన:

ప్రాక్టీసుకు కొత్తవి కొనొద్దు. పాత ఇనుము అంగళ్లలో తలుపుల నుంచి ఊడదీసిన సిలిండర్లు దొరుకుతాయి. విప్పి, పిన్నులు స్ప్రింగులు ఒక పళ్లెంలో వరసగా పెట్టుకుని, మళ్లీ బిగించు. కళ్లు మూసుకుని బిగించగలిగేదాకా చెయ్. చిన్న వైసు (చెవిని బిగించి పట్టేది), సన్న ఫైళ్లు రెండు మూడు, వెర్నియర్ (సన్న కొలతలు తీసేది), ఎక్కువగా నడిచే బైకులవి, డోర్ లాకులవి బ్లాంకులు ఉంటే మొదలుపెట్టొచ్చు. బ్లాంకులు చెన్నై ప్యారీస్ కార్నర్ పక్క హోల్‌సేల్ వీధుల్లో తెచ్చుకుంటే చవక. డూప్లికేట్ కోసే మెషీన్ ఆ 15,000 వచ్చాక చూసుకోవచ్చు. బీగంలో కొబ్బరినూనె పోసేవాళ్లు చాలామంది, నువ్వు మాత్రం పోయకు. దుమ్ము పట్టి పిన్నులు అతుక్కుంటాయి. గ్రాఫైట్ పొడి వాడు.

వేలిముద్ర లాకులంటే నాకేం భయం లేదు. చాలావాటికి మూత వెనక మామూలు తాళంచెవి రంధ్రం ఉంటుంది. బ్యాటరీ అయిపోయి, ఆ చెవి ఇంట్లోనే ఉండిపోయి మాకు ఫోన్ చేస్తున్నారు. వాటిని బిగించడానికి తలుపు చెక్కలో కొలత ప్రకారం గాడి కొట్టాలి, ఫిట్టర్‌కు అది తెలిసిన పనే. ఆ పని కూడా నేర్చుకో.

శని, ఆదివారాలు నాకు తల ఎత్తే తీరిక ఉండదు. మంగళ, బుధవారాల్లో మధ్యాహ్నం వచ్చి నా వైసు దగ్గర కూర్చో. ఫైళ్లు మాత్రం నీవే తెచ్చుకో, నావి నా చేతికి అలవాటుపడ్డాయి.