తైకో నో తత్సుజిన్‌లో దెబ్బ ఆలస్యంగా పడుతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. నింటెండో స్విచ్ గేమ్ కన్సోల్‌లో తైకో నో తత్సుజిన్ డ్రమ్ అండ్ ఫన్ ఆడుతున్నాను. అదే, జపాన్ తైకో డోలు గేమ్, 2018లో వచ్చింది. తెర మీద ఎర్ర గుండు వస్తే డోలు మధ్యలో 'డాన్', నీలం గుండు వస్తే అంచు మీద 'కా', పెద్ద గుండుకి రెండు చేతులా కొట్టాలి. వినడానికి ఇంతే!

ఇంట్లో వాళ్ల నిద్ర చెడకూడదని రాత్రిళ్లు బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటాను. అప్పట్నుంచే గొడవ. స్పీకర్‌లో వరసగా 'గుడ్' పడే పాటకే ఇప్పుడు అన్నీ 'ఓకే', మధ్యలో 'బ్యాడ్'. పాట విని కొడితే లేటు, గుండుని చూసి కొడితే కాస్త నయం. చెవినీ కంటినీ విడదీసి ఆడటం నా వల్ల కావట్లేదు, చిన్నప్పుడు డప్పు నేర్చుకున్న చెయ్యి మరి.

సెట్టింగ్స్‌లో టైమింగ్ మార్చి ఇది సరిచేసిన వాళ్లున్నారా? ఎటువైపు, ఎంత జరిపారు? లేక వైరు ఇయర్‌ఫోన్సే దిక్కా?

ఇంకో సంగతి. జాయ్‌కాన్ (స్విచ్‌తో వచ్చే చేతి కంట్రోలర్) ఊపి ఆడితే 'కా' కొట్టినా 'డాన్' అని పడుతోంది, అందుకే బటన్లకి మారాను. హార్డ్ స్థాయి వరకు బండి నడిచింది. ఎక్స్‌ట్రీమ్‌లో మాత్రం ఎరుపు, నీలం కలిసి గబగబా వచ్చేసరికి బొటనవేళ్లు చిక్కుపడిపోతున్నాయి. ఎడమ, కుడి మార్చి మార్చి కొట్టాలా, ఒకే చేత్తో లాగించొచ్చా? డోలు కంట్రోలర్ కొనమని మాత్రం చెప్పకండి, కింద ఫ్లాట్ వాళ్లు ఊరుకోరు.